ఇరవై ఏడో రోజున కుళాయి

మా బాత్రూములో కుళాయి కారడం ఎప్పుడు మొదలైందో ఇంట్లో ఇద్దరు రెండు రకాలుగా చెప్పేవారు. దసరా ముందు నుంచీ కారుతోందని అమ్మ, తాను మాల వేసుకున్నాకే మొదలైందని నాన్న. నాకు తేదీ తెలియదు కానీ ఎంత కారుతోందో తెలుసు. ఒక మధ్యాహ్నం చేతిగడియారం ముందు పెట్టుకుని, గట్టిగా కట్టేసిన కుళాయి కింద లీటరు చెంబు పెట్టి చూశాను. రెండు నిమిషాల పది సెకన్లకు నిండింది. అంటే గంటకు ఇరవై ఏడు లీటర్ల పైచిలుకు. సాయంత్రం ఆరింటికి మోటారు వేసి ఐదు వందల లీటర్ల ట్యాంకు నింపితే, తెల్లవారుజామున నాలుగింటికి అందులో రెండు వందల డెబ్బై ఏడు లీటర్లు ఎవరూ వాడకుండానే పోతాయి. మిగిలింది రాత్రి గిన్నెలకీ, కాళ్ళు కడుక్కోవడానికీ సరి.

ఈ లెక్క అమ్మకు చెబితే, "ఆ చెంబుడు నీళ్ళూ మొక్కలకన్నా పోసినావా, పారబోసినావా?" అంది.

తొంభైల చివరి మాట ఇది. నర్సీపట్నంలో పెదబొడ్డేపల్లి వైపు రెండు గదుల డాబా మాది. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, అప్రెంటిస్ కాగితం కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. నాన్నకు మాకవరపాలెం దగ్గర చెరుకు తోట ఉండేది. రోజూ సైకిలు మీద వెళ్ళి వచ్చేవాడు. ఆ కార్తీకంలో ఆయన రెండోసారి అయ్యప్ప మాల వేసుకున్నాడు.

రెండోసారి అన్నది ఇక్కడ ముఖ్యం. అంతకు ముందు ఏడాది ముప్పై మూడో రోజున మా పెదనాన్న పోయాడు. ఇంట్లో మైల వచ్చింది కాబట్టి మాల తీసేయక తప్పలేదు. నాన్న నల్లబట్టలు తానే ఉతుక్కుని, ఆరబెట్టి, మడిచి, ట్రంకుపెట్టె అడుగున పెట్టించాడు. మళ్ళీ కార్తీకం వచ్చేదాకా కొండ మాట ఎత్తలేదు. ఎవరైనా శబరిమల వెళ్ళి వచ్చి ప్రసాదం ఇస్తే కళ్ళకద్దుకుని తినేవాడు గానీ, ఎలా జరిగిందని అడిగేవాడు కాదు. ఈసారి నలభై ఒక్క రోజులూ నిలబెట్టుకోవాలి. అందుకే నియమాలన్నీ మొదటిసారి కన్నా పట్టుదలగా పాటించేవాడు. చెప్పుల్లేకుండా, చెరుకు నరికిన మోళ్ళ మధ్య వట్టికాళ్ళతో తిరిగేవాడు. నడుము బెల్టు మేకుకు తగిలించేశాడు. చేతిగడియారానికి తోలు పట్టీ ఉందని అది నాకిచ్చేశాడు. నేను కుళాయి కారుడు కొలిచింది ఆ గడియారంతోనే.

మాలలో ఉన్నవాళ్ళు మగవాళ్ళందరినీ స్వామీ అనే పిలవాలి, కన్నకొడుకునైనా సరే. మేమూ ఆయన్ని అలాగే పిలవాలి. మొదటి వారం నాకు నవ్వొచ్చేది. తర్వాత అలవాటైపోయింది.

రోజుకు రెండుసార్లు చన్నీళ్ళతో తలస్నానం చేయాలి. తెల్లవారుజామున నాలుగింటికి ఒకటి, పొద్దుగూకే వేళ ఒకటి. మా వీధి చివర పంచాయతీవాళ్ళు వేసిన బోరింగు ఉండేది, చేత్తో కొట్టే పంపు. ట్యాంకులో నీళ్ళు లేకపోతే అక్కడికి వెళ్ళొచ్చు. నాన్న వెళ్ళడు. ఎందుకని అడిగితే చెప్పాడు.

"దాన్లో తోలుంటాది స్వామీ. బోరింగోళ్ళు ఇప్పినప్పుడు దగ్గరుండి సూసినాను. ఇంతేసి తోలు గిన్నెలు, ఒకదాని మీద ఒకటి. ఆ తోలు పిండిన నీళ్ళు నెత్తి మీద పోసుకుని సరణం అనమంటావేటి?"

"మరి మన కుళాయో?"

"కుళాయి ఇత్తడి. పైపు ఇనుము. దాన్లో ఏటుంటాది?"

నేను తలూపాను. చేతి పంపులో తోలు ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. మా సిలబస్‌లో అది లేదు.

ఇరవై ఐదో రోజున నాలుగింటికి నాన్న కుళాయి తిప్పితే గాలి వచ్చింది. ఆ రోజుల్లో ఆ వేళకు కరెంటు ఉండేది కాదు కాబట్టి మోటారు వేసే వీలు లేదు. ఆయన చెంబు పట్టుకుని, అర కిలోమీటరు అవతల తెలిసినవాళ్ళ బావికి వెళ్ళి తోడుకుని స్నానం చేసి వచ్చాడు. మర్నాడూ అంతే. రెండోరోజు వచ్చేటప్పుడు అరికాల్లో గాజుపెంకు దిగింది. అమ్మ పిన్నీసుతో దాన్ని తీస్తూ, తల ఎత్తకుండానే నాతో అంది.

"ప్లంబరు రేపొస్తాను రేపొస్తాను అని ఐదురోజులైపోనాది. మూడేళ్ళు సదివినావు. ఒక్క కుళాయి ఇప్పలేవేటిరా?"

నిజం చెప్పాలంటే, అప్పటికి నేను కుళాయిని తిప్పడమే గానీ విప్పింది లేదు. నాకు తెలిసినవీ తెలియనివీ ఒక కాగితం మీద రాసుకున్నాను. తెలిసినవి: కుళాయిలో ఒక మరకడ్డీ ఉంటుంది, పిడి తిప్పితే అది కిందికి దిగుతుంది, దాని కింద పుట్టగొడుగు లాంటి ఇత్తడి ముక్క ఉంటుంది, ఆ ముక్క అడుగున వాషరు ఉంటుంది, వాషరు వెళ్ళి రంధ్రం మీద కూర్చుంటే నీళ్ళు ఆగుతాయి. ఇదంతా రెండో ఏడాది డ్రాయింగ్ షీటు మీద నిలువుగా కోసి చూపించినట్టు గీశాను, మంచి మార్కులే వచ్చాయి. తెలియనివి: ఎక్కడ పట్టుకోవాలి, ఎటు తిప్పాలి, ఎంత బలం పెట్టాలి.

ఇరవై ఏడో రోజున స్నానానికి ట్యాంకులో నీళ్ళు మిగిలాయి. ఉదయం నాన్న తోటకు వెళ్ళాక సైకిలు షాపు నుంచి పానా తెచ్చాను. మా ట్యాంకు కింద నీళ్ళు ఆపే వాల్వు లేదు, ఇల్లు కట్టినప్పుడు పెట్టలేదు. కాబట్టి ట్యాంకు ఖాళీ చేయాలి. ఇంట్లో ఉన్న బిందెలు, బకెట్లు, డేగిసాలు, చివరికి పప్పు డబ్బా కూడా నీళ్ళతో నిండాయి. అమ్మ వంటింట్లో అడుగు పెట్టే చోటు లేకుండా పోయింది.

పానా వేసి మొదటిసారి బలంగా తిప్పగానే ఏదో కదిలింది. సంతోషించాను. చూస్తే కుళాయి పైభాగం కదల్లేదు, కుళాయి మొత్తం గోడలో పావువంతు తిరిగిపోయింది. మూతి పక్కకు చూస్తోంది. కాగితం మీద కుళాయిని గోడ పట్టుకుని ఉండదు, అందుకని ఈ సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు. పైభాగాన్ని తిప్పాలంటే కింది భాగాన్ని ఇంకో చేత్తో, ఇంకో పనిముట్టుతో, కదలకుండా పట్టుకోవాలి. రెండో పానా లేదు. అమ్మ పట్టకారు తెచ్చి, పాత తువ్వాలు చుట్టి, కింది భాగం పట్టుకుంది.

"నాను లాగమంటావా, తొయ్యమంటావా?"

"ఏమీ చెయ్యకు. కదలకుండా పట్టుకో, అంతే."

"అదే కష్టం" అంది.

ఈసారి పైభాగం కిర్రుమని తిరిగింది. నాలుగు చుట్లకు ఊడి చేతిలోకి వచ్చింది. లోపల, నేను గీసినట్టే, ఇత్తడి పుట్టగొడుగు. నేను గీసినదానికన్నా చిన్నది, మొద్దుగా ఉంది. దాన్ని బయటికి తీసి ఎండలోకి పట్టుకెళ్ళాను. అడుగున నల్లటి బిళ్ళ. మధ్యలో గుండ్రంగా గాడి పడింది, ఒక వైపు అంచు తెగిపోయింది. నీళ్ళు కారేది ఆ తెగిన చోటు నుంచే. ఇంత చిన్న తునక, కంది గింజంత, రాత్రికి రెండు వందల డెబ్బై ఏడు లీటర్లు వదిలేస్తోంది. కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

రబ్బరనుకున్నాను. గోటితో వంచితే రబ్బరులా తిరిగి లేవలేదు. బ్లేడుతో అంచు గీస్తే లోపల గోధుమరంగు, పీచు పీచుగా ఉంది. ఒక చిన్న ముక్క కోసి అగ్గిపుల్లతో కాల్చాను. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది.

అమ్మ ముక్కు ఎగబీల్చి, "ఏటి కాల్సినావు?" అంది.

"తోలమ్మా. ఇందులో తోలు ఉంది."

అమ్మ వాకిలి వైపు చూసింది, ఎవరైనా విన్నారేమోనని. ఇద్దరం ఒకటే లెక్క వేశాం. ఇరవై ఏడు రోజులు, రోజుకు రెండు స్నానాలు, బావి దగ్గర చేసిన రెండూ తీసేస్తే, మిగిలినవన్నీ ఈ బిళ్ళ మీదుగా వచ్చిన నీళ్ళతోనే.

"కొత్తది రబ్బరుది కొనుక్కొచ్చి పెట్టీ" అంది అమ్మ గొంతు తగ్గించి. "దాన్ని దూరంగా పారీ. స్వామితో ఏటీ సెప్పకు. కిందటేడు ఎలగున్నాడో సూసినావు కదా."

ఆ బిళ్ళను కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని మెయిన్ రోడ్డు మీద ఇనుప సామాన్ల షాపుకు వెళ్ళాను. షాపాయన గల్లా కింది నుంచి రెండు డబ్బాలు తీశాడు. ఒకదాన్లో నల్లటి రబ్బరు బిళ్ళలు, రెండోదాన్లో గోధుమరంగు తోలు బిళ్ళలు. కొత్తది కాబట్టి తోలు తోలులానే ఉంది.

"తోలు వాసరు పట్టికెల్లు బాబూ. పది కాలాలుంటాది. రబ్బరుది ఏడాదికి అరిగిపోద్ది."

"ఊళ్ళో ఎక్కువ ఏది వాడతారు?"

"ఇదే. సగం ఊరికి ఇదే." ఒక క్షణం ఆగి నా మొహం చూశాడు. "ఏం, ఇంటిలో స్వాములున్నారేటి?"

అవునన్నాను. ఆయన తోలు డబ్బా మూత పెట్టి, రబ్బరు వాషరు ఒకటి, మర చుట్టూ చుట్టే తెల్ల టేపు ఒకటి చేతిలో పెట్టాడు.

గోడలో తిరిగిపోయిన కుళాయిని పూర్తిగా ఊడదీసి, టేపు పన్నెండు చుట్లు చుట్టి, మళ్ళీ బిగించాను. మొదటిసారి టేపు మర తిరిగే వైపుకు ఎదురుగా చుట్టడం వల్ల బిగిస్తుంటే ఊడి ఉండ చుట్టుకుపోయింది. రెండోసారి సరిగ్గా చుట్టాను. కొత్త వాషరు పెట్టి, పైభాగం బిగించి, కరెంటు రాగానే మోటారు వేశాం. కుళాయి మూతి దగ్గర ఒక చుక్క వేలాడింది. పడలేదు. పది నిమిషాలు చూశాను. అదే చుక్క.

నాన్న నాలుగున్నరకు వచ్చాడు. వట్టి పాదాలకు చెరుకు తోట మట్టి. కుళాయి తిప్పాడు, కట్టాడు, కింద అరచెయ్యి పెట్టి చూశాడు.

"బలే సేసినావు స్వామీ. ఏటి పాడైనాది లోపల? సూపించు."

ఆయనకు ఏది పాడైనా పాత భాగం చూడాలి. సైకిలు బేరింగు మారిస్తే పాత గుండ్లు తెచ్చి బల్ల మీద పెట్టుకుని తిప్పి తిప్పి చూసేవాడు. ఆ అలవాటు నాకు ఆయన నుంచే వచ్చింది. అమ్మ గుమ్మంలో నిలబడి నాకేసి కళ్ళెర్రజేసింది. పారేశానని చెప్పడం తేలిక. కానీ అది నా జేబులోనే ఉంది. తీసి ఇచ్చాను.

నాన్న దాన్ని రెండు వేళ్ళ మధ్య వంచాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఎడ్లతో, పలుపులతో, చర్నాకోలలతో పెరిగినవాడు, ఆయనకు అగ్గిపుల్ల అక్కర్లేదు. బిళ్ళను బాత్రూము ముందు సిమెంటు చపటా అంచు మీద పెట్టి, చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

"ఇన్నాళ్ళూ దీని కిందే సేసినాను" అన్నాడు. నాతో కాదు, ఎవరితోనో అన్నట్టు. తర్వాత చెయ్యి మెడలో మాల మీదికి వెళ్ళింది. "నడు. గురుస్వామి గారి దగ్గరికి."

గురుస్వామి అంటే మా వైపు స్వాములకు పెద్ద, మాల వేసేదీ ఆయనే, సందేహం తీర్చేదీ ఆయనే. మామూలు రోజుల్లో రావికమతం మీదుగా వెళ్ళే బస్సులో కండక్టరు. కండక్టర్లు భుజానికి వేసుకునే సంచి తోలుది కదా, మాల వేసినన్నాళ్ళూ దానికి బదులు వాళ్ళావిడ కుట్టిన నల్ల గుడ్డసంచితో టికెట్లు కొట్టేవారు. అందుకని తోలు గురించి అడగాల్సిన మనిషి ఆయనే అని నాన్నకు నమ్మకం. ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డులో నలభైమంది స్వాములు సాయంత్రం పూజకు చేరుతారు. గోడవార వాళ్ళ స్నానాలకు నాలుగు కుళాయిలు ఉన్నాయి.

నాన్న బిళ్ళ సంగతి చెప్పాడు. గురుస్వామి దాన్ని ముట్టుకోలేదు, వంగి చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"నువ్వు సదువుకున్నోడివి. సెప్పు స్వామీ. కుళాయి తిప్పితే ఈ బిళ్ళ పైకెల్లిపోద్ది కదా?"

"పోతుంది స్వామీ."

"పైకెల్లిపోతే, నీళ్ళు కింద నుంచి ఎల్లిపోతాయి. తోలుకి తగలవు. అంతే కదా?"

ఆయన నాకు తలుపు తీసి పెట్టారని అర్థమైంది. అవునంటే సరిపోతుంది. నాన్న కళ్ళు నా మీదే ఉన్నాయి. నా మనసులో ఆ పాత డ్రాయింగ్ షీటు మెదిలింది. నీళ్ళు కింది నుంచి రంధ్రంలోంచి పైకి వస్తాయి, బిళ్ళ అడుగుకు కొట్టుకుంటాయి, అక్కడి నుంచి పక్కకు తిరిగి మూతి వైపు పోతాయి. బాణం గుర్తులు కూడా వేసి చూపించాను అందులో.

"తగుల్తాయి స్వామీ" అన్నాను. "తిప్పినప్పుడే ఎక్కువ తగుల్తాయి."

నాన్న తల దించుకున్నాడు. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదా అని ఆ క్షణంలో అనిపించింది. గురుస్వామి గడ్డం గోక్కుంటూ వెనక్కి తిరిగి, గోడవార నాలుగు కుళాయిల కేసి చూశారు.

"అవి ఎక్కడ కొన్నాం?" అని ఎవరినో అడిగారు.

"మెయిన్ రోడ్డులో స్వామీ. ఆ ఇనప షాపులోనే."

గురుస్వామి నాకేసి చెయ్యి చూపించారు. "ఇప్పు."

పానా నా సంచిలోనే ఉంది. ఈసారి కింది భాగం గురుస్వామే పట్టుకున్నారు. చుట్టూ నల్లబట్టల స్వాములు.

"ఇంజినీరు సామీ, నిదానం. మా ఇరవై రోజులు నీ సేతిలో ఉన్నాయి" అన్నాడొకడు.

మొదటి కుళాయిలో తోలు. రెండోదాన్లో తోలు. మూడోదాన్లో తోలు. నాలుగోది విప్పితే రబ్బరు. ఎప్పుడో ఎవరో మార్చినట్టున్నారు.

"నాను మొదట్నుంచీ ఆ సివరిదాని కిందే సేస్తన్నాను స్వామీ" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

"నానూ అంతే."

"అయితే పొద్దున్న లైను ఆ మొదటిదాని దగ్గరెందుకు కట్టినారు, సివరిదాని దగ్గర కట్టకుండా?"

నవ్వులు. నాన్న కూడా కొంచెం నవ్వాడు, ఆ సాయంత్రం అదే మొదటిసారి. నవ్వు ఆగాక గురుస్వామి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"నా లెక్క ఆగిపోయినట్టేనా స్వామీ?"

"నీదొక్కడిదే ఎలగాగుద్ది? ఆగితే ఈ షెడ్డులో అందరిదీ ఆగాలి. నాను పదిహేడుసార్లు కొండెక్కినాను, ఈ కుళాయిల కిందే తానాలు సేసి. ఆ పదిహేడూ తీసీమంటావేటి?" అన్నారు గురుస్వామి. తర్వాత అందరికీ వినబడేలా చెప్పారు. "వాసర్లు ఇయ్యాలే మార్సాలి. రేపు నాలుగింటికి అందరం ఏట్లో మునిగి నూటెనిమిది సరణాలు సెప్పుకుందాం. రేపు ఎవరి లెక్క వారిది, ఇరవై ఎనిమిదైతే ఇరవై ఎనిమిదే."

నేను షాపు మూసేలోపల పరుగెత్తుకెళ్ళి మూడు రబ్బరు వాషర్లు తెచ్చి మార్చాను. ఒక్కో కుళాయికి పట్టిన సమయం: పదకొండు నిమిషాలు, ఏడు, ఐదు.

ఇంటికి నడిచి వస్తుంటే నాన్న ఏదో ఆలోచిస్తూనే ఉన్నాడు. గేటు తీసి లోపలికి రాగానే నేరుగా మోటారు దగ్గరికి వెళ్ళాడు. బోరులోకి దిగిన పైపు మీద చెయ్యి వేశాడు.

"ఈ పైపు అడుగున ఏటుంటాది స్వామీ?"

"ఫుట్‌వాల్వు అని ఉంటుంది. పైకి లాగిన నీళ్ళు మళ్ళీ కిందికి జారిపోకుండా ఆపుతుంది."

"దేన్తో ఆపుద్ది?"

"లోపల చిన్న రెక్క ఉంటుంది, తలుపులాగా."

"దేన్తో సేస్తారు ఆ రెక్క?"

పుస్తకంలో ఏముందో నాకు తెలుసు. "రెండు రకాలూ ఉంటాయి స్వామీ. రబ్బరూ ఉంటుంది, తోలూ ఉంటుంది. మనది ఏదో విప్పితే గానీ తెలీదు."

నాన్న పైపు మీద చెయ్యి తియ్యకుండా కాసేపు నిలబడ్డాడు. నాకు అప్పటికప్పుడే లాగి చూడాలని ఉంది.

"ఇప్పొద్దు" అన్నాడు. రెండడుగులు వేసి, ఆగి, "నాను కొండెల్లొచ్చినాక" అన్నాడు.

మర్నాడు తెల్లవారకముందే ఏటికి వెళ్ళి మునిగి వచ్చాడు. ఆ తర్వాత రోజు నుంచి మళ్ళీ మా కుళాయి కిందే స్నానం. మిగిలిన రోజుల్లో నేను ఆ పైపు పక్క నుంచి వెళ్ళినప్పుడల్లా లోపల ఏముందో ఊహించేవాణ్ణి. ఇల్లు కట్టిన కాలాన్ని బట్టి చూస్తే తోలయ్యే అవకాశమే ఎక్కువ. పంపు కొన్న షాపును బట్టి చూస్తే రబ్బరు కావచ్చు. ఊహించడం వరకే. అమ్మ, నేను అడక్కుండానే, పానా తీసుకెళ్ళి సైకిలు షాపులో ఇచ్చేసింది.

నలభై ఒకటో రోజు గడిచింది. నాన్న ఇరుముడి నెత్తిన పెట్టుకుని బస్సెక్కాడు. కిటికీలోంచి మా కేసి చూసి చెయ్యి ఊపలేదు, మాల దగ్గర చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. కొండ దిగి ఇంటికి వచ్చాక మాల తీసి దేవుడి గూట్లో పెట్టాడు. రెండు రోజులు నిద్రపోయాడు. మూడో రోజు పొద్దున్న వాకిట్లో చెప్పుల చప్పుడు వినిపించింది.

"ఒరే, బేగి లెగు. ఆ పైపు లాగుదాం."

ఇరవై అడుగుల పైపు. నేను మోటారు దగ్గర మర ఊడదీశాను, ఇద్దరం కలిసి పైకి లాగి పెరట్లో పడుకోబెట్టాం. అడుగున బంకమట్టి పట్టిన ఫుట్‌వాల్వు. విప్పితే లోపల రెక్క నల్లగా, నానిపోయి ఉంది. ఈసారి ఎవరూ వాసన చూడక్కర్లేకపోయింది.

నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికి రబ్బరుది దొరుకుద్దేటి?"

"దొరుకుతుంది నాన్నా. కొలత కావాలి."

"అయితే కొలు. వచ్చే ఏడు మాలకి ముందే మార్సీయాలి."

కొలిచి రాసుకున్నాను. అప్పటికి ఆ తోలు రెక్కనే మళ్ళీ బిగించి, పైపు బోరులోకి దించేశాం. మోటారు వేస్తే నీళ్ళందడానికి నిమిషం పైన పట్టింది. నాన్న చెప్పులు విప్పకుండానే కుళాయి కింద కాళ్ళు కడుక్కుని తోటకు వెళ్ళిపోయాడు.